రెండో పేజీ

వేదిక మీద ఉన్న పెద్దలకు, హెచ్‌ఓడీ మేడమ్‌కు, మూడో సంవత్సరం, నాలుగో సంవత్సరం విద్యార్థులకు నమస్కారం. బయట ఫ్లెక్సీలో నా పేరు ముందు డాక్టర్ అని వేశారు. నేను బీటెక్ దగ్గరే ఆగిపోయినవాణ్ణి. భోజనం తర్వాతి సెషన్ నాకిచ్చారు కాబట్టి వెనక బెంచీల్లో కునుకు పడితే ఏమీ అనుకోను.

బోటో3 గురించి చెప్పమన్నారు. పైథాన్ ప్రోగ్రాం నుంచి అమెజాన్ క్లౌడ్‌ను నడిపే లైబ్రరీ అది. అందులో కాన్ఫిగ్ అనే అమెజాన్ సర్వీసును పిలిచే క్లయింట్ ఒకటుంది. 2014లో అమెజాన్ తెచ్చిన ఆ సర్వీసు మీ సర్వర్లు, డిస్కులు, ఫైర్‌వాల్ రూల్స్ ఏ రోజు ఎలా ఉన్నాయో రాసిపెడుతుంది. ఏదైనా మారినప్పుడల్లా ఒక ఎంట్రీ పడుతుంది. మనం గడువు మార్చకపోతే ఆ ఎంట్రీలను 7 ఏళ్లు దాస్తుంది. గూగుల్‌లో ఇలాంటిదే క్లౌడ్ అసెట్ ఇన్వెంటరీ ఉంది, అక్కడ వెనక్కి 35 రోజులే చూడగలం.

మా నాన్న సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా దస్తావేజులు రాసేవారు. ఒకాయన స్థలం కొంటూ 13 ఏళ్ల ఈసీ, అంటే ఆ స్థలం మీద అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం, తెచ్చాడు. శుభ్రంగా ఉంది. నాన్న మాత్రం, "30 ఏళ్లది తీయించండి, తర్వాతే రాస్తాను" అన్నారు. ఆయన విసుక్కుంటూ వెళ్లి తెచ్చాడు. 16 ఏళ్ల కిందటి తాకట్టు బయటపడింది! ఈ కథ ఇంట్లో వందసార్లు విన్నాను. విని కూడా నేను చేసిన పని చెబుతాను. స్లైడ్లు పక్కన పెడదాం, అవి మేడమ్‌కు మెయిల్ చేస్తాను.

అప్పుడు నేను పనిచేసిన కంపెనీ పేరు వద్దు. ఆడిట్‌కు వచ్చినవాళ్లు ఒక సెక్యూరిటీ గ్రూపులో, అంటే ఫైర్‌వాల్ రూల్స్ కట్టలో, సర్వర్‌లోకి లాగిన్ అయ్యే 22వ పోర్టు 0.0.0.0/0కు తెరిచి ఉందన్నారు. అంటే లోకంలో ఎవరైనా వచ్చి ఆ సర్వర్ తలుపు తట్టొచ్చు. సాయంత్రానికల్లా చేసినవాడి పేరు కావాలన్నారు మా మేనేజర్. నేను 5 లైన్ల స్క్రిప్ట్ రాశాను. గెట్ రిసోర్స్ కాన్ఫిగ్ హిస్టరీ అని పిలిచి గ్రూపు ఐడీ ఇస్తే 10 ఎంట్రీలు వచ్చాయి. పదింటిలోనూ పోర్టు తెరిచే ఉంది. అన్నిటికంటే పాతది ఒక మంగళవారం నాటిది.

కాన్ఫిగ్ ఏం మారిందో చెబుతుంది. ఎవరు మార్చారో తెలియాలంటే, ఎవరు ఏ పని చేశారో రాసిపెట్టే అమెజాన్ లాగ్ క్లౌడ్‌ట్రెయిల్ చూడాలి. చూశాను. ఆ మంగళవారం ఆ గ్రూపులో రూల్ కలిపింది, చేరి నాలుగు నెలలైన కుర్రాడు. ఆ ఈవెంట్‌ను విప్పితే లోపల 443 అని, అంటే వెబ్‌సైట్లు వాడే పోర్టు అని ఉంటుంది. నేను విప్పలేదు. "అన్నా, నేను 443 ఒక్కటే ఇచ్చాను" అన్నాడు వాడు. "లాగ్‌లో ఉంది తమ్ముడూ" అన్నాను. పేరుతో సహా 18 మందికి మెయిల్ కొట్టాను. వాడికి ప్రొడక్షన్ యాక్సెస్, అంటే కస్టమర్లు వాడే అసలు సర్వర్లలోకి వెళ్లే అనుమతి, తీసేశారు. రెండు నెలలకు మానేశాడు.

సరిగ్గా 10 ఎంట్రీలు వచ్చాయి. మీలో ఎవరికీ అనుమానం రాలేదా? ఆ మూడో వరస అబ్బాయి నవ్వుతున్నాడు, వాడికి వచ్చింది. నాకు రాలేదు. ఆ కాల్ మామూలుగా పేజీకి 10 ఎంట్రీలే ఇస్తుంది, అడిగితే 100 దాకా ఇస్తుంది, అదీ కొత్తవి ముందు. జవాబు అడుగున నెక్స్ట్‌టోకెన్ అని ఒక పొడుగాటి పిచ్చిరాత ఉంటుంది. అది ఉందంటే ఇంకో పేజీ ఉన్నట్టు. గెట్ పేజినేటర్ అని ఒక్క లైన్ రాస్తే లైబ్రరీయే చివరిదాకా వెళ్లి తెస్తుంది. రాసుకోండి, పరీక్షలో రాదు గానీ రాసుకోండి.

ఆర్నెల్ల తర్వాత ఇంకేదో పనికి ఆ స్క్రిప్ట్ తీస్తే, కోడ్ రివ్యూ చేస్తున్నమ్మాయి "ఇందులో పేజినేటర్ ఏది?" అంది. పెట్టి నడిపితే 47 ఎంట్రీలు! మొట్టమొదటిది మేం రికార్డర్, అంటే కాన్ఫిగ్‌లో ఈ ఎంట్రీలు రాసే భాగం, ఆన్ చేసిన రోజుది. అందులో కూడా 22 తెరిచే ఉంది. రికార్డర్ లేని రోజుల్లో పోర్టు తెరిచిందెవరో ఇక తేలదు. ఆ రోజుల్లో ఆ అకౌంట్ ముగ్గురి చేతుల్లో ఉండేది. అందులో నేనొకణ్ణి.

కుర్రాడికి ఫోన్ చేసి, నువ్వు కాదురా అని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఆ మెయిల్‌లో ఉన్నవాళ్లందరికీ చెప్పన్నా" అన్నాడు. అదే మెయిల్‌కు రిప్లై ఆల్ కొట్టాను. 18 మందిలో ఏడుగురు అప్పటికే కంపెనీ మారిపోయారు. ఏడు బౌన్స్ అయ్యాయి.