చందమామ ఫొటోలో చుక్కలా ఎందుకు పడుతుంది? ఒక కందిగింజ లెక్క

(తెర మీద వాట్సాప్‌లో వచ్చిన ఫొటో: కొండల వెనక ఉదయిస్తున్న సూర్యుడు, పక్కనే నిండు చందమామ)

ఈ ఫొటో నాకు ఈ నెలలో నాలుగోసారి వచ్చింది. కింద ప్రశ్న: "అన్నా, వంజంగిలో ఇలా తీయాలంటే ఏ లెన్స్ కొనాలి?" ఏ లెన్సూ తీయలేదు తమ్ముడూ. చందమామ నిండుగా ఉందంటేనే సూర్యుడికి ఎదురు దిక్కున ఉందని అర్థం. సూర్యుడు తూర్పున పైకొస్తుంటే, అది పడమట దిగిపోతుంటుంది. ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టింది కంప్యూటర్.

పాడేరు దగ్గర వంజంగి కొండ మీద తెల్లవారుజామున అందరూ తూర్పుకే తిరిగి మబ్బుల సముద్రం కోసం చూస్తుంటారు. పౌర్ణమి మర్నాడు వెళ్తే ఒక్కసారి వెనక్కి తిరగండి.

సరే, తిరిగారు. తీశారు. ఇంటికొచ్చి చూస్తే చందమామ బదులు ఒక చుక్క. నాకూ ఇదే అయింది. అరకు దారిలో వలిసె పూల చేను, వెనక కొండలు, వాటి మీద ఇంత చందమామ. విశాలంగా పట్టే 24 ఎం.ఎం. లెన్స్‌తో తీసి అమ్మకు చూపిస్తే, "అద్దం తుడుచుకోలేదురా?" అంది.

(చేతిలో కందిగింజ, దగ్గరగా)

ఇది కందిగింజ. పప్పు కాదు, పొట్టు తీయని గింజ. చేయి పూర్తిగా చాచి, రెండు వేళ్ల మధ్య పట్టుకుని, ఒక కన్ను మూసి చందమామ మీద పెట్టండి. మొత్తం మాయం. నడినెత్తిన ఉన్నప్పుడు పెట్టినా, కొండ అంచున పళ్లెమంత కనిపిస్తున్నప్పుడు పెట్టినా మాయమే. ఆ పళ్లెం మన మెదడు చేసే గారడీ. కెమెరా ఆ గారడీకి పడదు, ఉన్న గింజనే తీసిస్తుంది.

చందమామ అడ్డకొలత సుమారు 3,474 కిలోమీటర్లు. మనకు దాని సగటు దూరం 3,84,400. భాగిస్తే సుమారు 110. అంటే ఏ వస్తువైనా తన సైజుకు 110 రెట్ల దూరంలో ఉంటే చందమామంత కనిపిస్తుంది. గింజ అర సెంటీమీటరు పైచిలుకు, చేయి 60 సెంటీమీటర్లు, సరిపోయింది కదా? ఇప్పుడు ఇదే లెక్కతో చేను దగ్గరికి రండి. వలిసె పువ్వు 4 సెంటీమీటర్లు అనుకుంటే, నాలుగున్నర మీటర్ల దూరంలో అది చందమామంత. నిలబడ్డ మనిషి 190 మీటర్ల దూరంలో. కాఫీ తోటల్లో నీడకు పెంచే సిల్వర్ ఓక్ 20 మీటర్లదైతే, రెండు కిలోమీటర్లు దాటాక.

మనవాళ్లు చేసేదేంటి? పువ్వు పెద్దగా రావాలని మోకాళ్ల మీద కూర్చుని ఫోన్‌ను జానెడు దూరంలో పెడతారు. అక్కడ ఆ పువ్వు ఇరవై చందమామలంత! ఇక వెనకున్నది చుక్క కాక ఏమవుతుంది?

జూమ్ చేస్తే రెండూ పెరుగుతాయి. వెనక్కి నడిస్తే పువ్వు ఒక్కటే తగ్గుతుంది, మీరు వేసిన వంద అడుగులు చందమామకు ఒక లెక్క కాదు. కాబట్టి ముందు వెనక్కి నడవాలి, ఆ తర్వాత జూమ్. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో (సెన్సర్ 36 ఎం.ఎం. వెడల్పుది) 24 ఎం.ఎం. దగ్గర ఫొటో వెడల్పులో 160కి పైగా కందిగింజలు పేర్చొచ్చు. 200 దగ్గర ఇరవయ్యే పడతాయి.

ఇక్కడో చిక్కుంది. 200 ఎం.ఎం.తో నాలుగున్నర మీటర్ల దగ్గరున్న పువ్వు, వెనక చందమామ రెండూ ఒకే ఫొటోలో స్పష్టంగా రావు, లెన్స్ రంధ్రం బాగా చిన్నది చేసి ఎఫ్ 11 పెట్టినా సరే. అదే ఎఫ్ 11లో 120 మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే, 60 మీటర్ల నుంచి చందమామ దాకా అన్నీ నిలబడతాయి. అందుకే ఒంటి పువ్వు మీద ఆశ వదిలేయండి. మీరు పల్లంలో ఉండి, పైన గట్టు మీద ఆకాశానికి ఎదురుగా నిలబడ్డ నాలుగైదు మొక్కలు వెతకండి. మీటరు ఎత్తు మొక్క 60 మీటర్ల దూరంలో రెండు కందిగింజలంత. చందమామకు సరైన జోడీ. మెట్లు మెట్లుగా ఉండే కొండ పొలాల్లో ఇలాంటి గట్లకు కొదవ లేదు. చేనులోకి మాత్రం దిగకండి, దండం పెడతాను. మనం ఫొటో దిగే ఆ పూలే రైతుకు రేపటి నూనెగింజలు.

(తెర మీద రెండు ఫొటోలు: ఒకదాంట్లో చందమామ ఆకు కొసకు అతుక్కుని, ఇంకోదాంట్లో కొమ్మల వెనక సగం దాగి)

ఆకు కొసకు తగిలీ తగలనట్టు ఉండే చందమామను చూస్తే నాకు ఎక్కడలేని చిరాకు. పూర్తిగా విడిగా ఉండాలి, లేదంటే ఇలా హాయిగా కొమ్మల్లో దూరిపోవాలి. 60 మీటర్ల దగ్గర మీరు అర మీటరు పక్కకు జరిగితే చాలు, చందమామ మొక్కల మీద తన వెడల్పంత జరుగుతుంది. మళ్లీ కందిగింజ లెక్కే, 60ని 110తో భాగించి చూడండి. మీరు కదలకపోయినా రెండు నిమిషాల్లో అదే అంత దూరం జారిపోతుంది. ట్రైపాడ్ బిగించాక టీ తాగుదామనుకోకండి.

అబ్బో, టైమ్ అయిపోతోంది. గబగబా చెప్పేస్తాను.

ఏ రోజు వెళ్లాలి? పౌర్ణమి నాటి ఉదయం చందమామ దాదాపు సూర్యోదయం వేళకే దిగిపోతుంది. పడమట కొండ అడ్డుంటే ఇంకా ముందే. రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి కొండల్లో పాడ్యమి, విదియ ఉదయాలు మేలు. వలిసె పూసే చలికాలంలో సూర్యుడు ఆగ్నేయం వైపు జరిగి ఉదయిస్తాడు, నిండు చందమామ వాయవ్యం వైపు జరిగి దిగుతుంది. గట్టు ఎంచుకునేటప్పుడు అది చూసుకోండి.

సూర్యోదయానికి పది పదిహేను నిమిషాల ముందు ఆకాశం తేటగా ఉంటే, పడమట కింద నీలి పట్టీ, దాని మీద గులాబీ పట్టీ కనిపిస్తాయి. ఆ నీలం భూమి నీడ. చేను, చందమామ రెండూ ఒకే ఎక్స్‌పోజర్‌లో కుదిరేది దాదాపు అప్పుడే. చీకటి కదా అని నాలుగు సెకన్లు తెరవకండి, చందమామ మీద ఉన్నది పట్టపగటి ఎండ. పైన ఉన్నప్పుడు ఎఫ్ 11, ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ సున్నితత్వం) 100, షట్టర్ సెకనులో వందో వంతు చాలు. కొండ అంచుకు దిగాక మసకబారుతుంది, అప్పుడు షట్టర్ తెరిచి ఉంచే సమయం కొంచెం పెంచాలి.

ఫోన్ వాళ్లు 3ఎక్స్, 5ఎక్స్ లెన్స్ ఉంటే అదే వాడండి. తెర మీద చందమామను తాకి వెలుతురు కిందికి లాగండి. కొన్ని ఫోన్లు దాన్ని గుర్తుపట్టి మచ్చలు వాటంతట అవే దిద్దేస్తాయి, ఆ ఫొటో నాకు చూపించి ఎలా ఉందని అడగొద్దు!

తూర్పు వైపే, సూర్యోదయంతో కలిపి చందమామ కావాలంటారా? బహుళ త్రయోదశి తెల్లవారుజామున వెళ్లండి, సన్నటి నెలవంక ఉంటుంది. దాని వెలిగే వైపు ఎప్పుడూ సూర్యుడి వైపే. అటు తిరిగి లేని నెలవంకతో ఎవరైనా ఫొటో పంపితే, నాకు కాదు, పంపినవాడికే తిరిగి పంపండి.