రెజీనాను క్షమించాలా? 'వన్స్ అపాన్ ఎ టైమ్' రివ్యూ: మా ఇంట్లో తెగని గొడవ

నమస్తే అండి, అందరూ బాగున్నారా? ఈ రోజు ఒక పాత సిరీస్ గురించి మాట్లాడుకుందాం. 2011 అక్టోబర్‌లో అమెరికాలో ఏబీసీ ఛానల్‌లో మొదలై, 2018 మే నెలలో ముగిసిన 'వన్స్ అపాన్ ఎ టైమ్'. ఏడు సీజన్లు, 155 ఎపిసోడ్లు. నేనూ మా చెల్లీ దీన్ని మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు చూశాం. రెండుసార్లూ గొడవపడ్డాం. ఒకసారైతే ఆ గొడవ వల్ల రెండు రోజులు మాట్లాడుకోలేదు కూడా. ఆ గొడవ ఏంటో, దాంట్లో నేను ఏ వైపు ఉన్నానో చెబుదామనే ఈ వీడియో.

ముందే చెప్పేస్తున్నా, స్పాయిలర్లు బోలెడు ఉన్నాయి. ఇంకా చూడనివాళ్లు కనీసం మొదటి సీజన్ 22 ఎపిసోడ్లయినా చూసి రండి. ఈ వీడియో ఎక్కడికీ పోదు.

కథ తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా. స్నో వైట్ మీద పగతో ఆమె సవతి తల్లి రెజీనా ఒక శాపం వేస్తుంది. కథల లోకంలోని వాళ్లంతా వచ్చి మన లోకంలో, అమెరికాలోని మేన్ రాష్ట్రంలో, స్టోరీబ్రూక్ అనే చిన్న ఊళ్లో పడతారు. తామెవరో వాళ్లకే గుర్తుండదు. ఊరి గడియారం 8:15 దగ్గర ఆగిపోతుంది. 28 ఏళ్లు ఆ ఊరి పెద్దవాళ్లకు వయసు పెరగదు, పిల్లలు పిల్లలుగానే ఉండిపోతారు. స్నో వైట్ అక్కడ స్కూల్ టీచర్. ఆమె భర్త చార్మింగ్ ఆసుపత్రిలో కోమాలో ఉంటాడు. శాపం వేసిన రాణి ఆ ఊరికి మేయర్. శాపం పడే ముందు స్నో వైట్ దంపతులు తమ పసిబిడ్డను ఒక మంత్రపు బీరువాలో పెట్టి ఈ లోకానికి పంపించేస్తారు. ఆ బిడ్డే ఎమ్మా. 28వ పుట్టినరోజు రాత్రి బోస్టన్‌లో ఒంటరిగా ఒక చిన్న కేకు మీద కొవ్వొత్తి వెలిగించుకుని కూర్చుంటే, తలుపు దగ్గర ఒక పదేళ్ల పిల్లాడు. 'నేను మీ అబ్బాయిని' అంటాడు. వాడే హెన్రీ. పుట్టగానే ఎమ్మా వదులుకున్న ఆ పిల్లాడిని పెంచుకుంటున్నది ఎవరో కాదు, రెజీనాయే.

చూశారా, ఎంత చక్కటి ముడి వేశారో! ఒకే పిల్లాడికి ఇద్దరు తల్లులు. ఒకరు కన్నారు, ఒకరు పెంచారు. పెంచిన తల్లి చేతికి లెక్కలేనంత నెత్తురు అంటుకుని ఉంది.

ఇక గొడవలోకి వద్దాం. రెజీనా తర్వాత తర్వాత మంచిదవుతుంది. ఆరో సీజన్ వచ్చేసరికి ఆమె లేకుండా ఆ కుటుంబం లేదు. నాకు ఆమె అంటే ప్రాణం. మా చెల్లి ఒప్పుకోదు. 'అక్కా, నువ్వు ఆ నటిని చూసి క్షమించేస్తున్నావు, ఆ మనిషిని చూసి కాదు' అంటుంది. ఆ మాట నన్ను చాలా కాలం గుచ్చింది. ఎందుకంటే లానా పరియా నటన అలాంటిది. ఏడుపు ఆపుకునేటప్పుడు ఆమె పెదవి ఒక పక్క వణుకుతుంది చూడండి, అక్కడ మనం కరిగిపోతాం. కాబట్టి రెండోసారి చూసేటప్పుడు ఒక పని చేశాను. నటన పక్కన పెట్టి, ఎవరు ఏం చేశారు, దానికి ఎవరు నష్టపోయారు అని మాత్రమే చూశాను.

ఈ సిరీస్‌లో రంపుల్‌స్టిల్ట్‌స్కిన్ అనే మాంత్రికుడు పదే పదే చెప్పే మాట ఒకటుంది: మాయకు ఎప్పుడూ ఒక ధర ఉంటుంది. మొదట్లో అది భయపెట్టడానికి వాడే డైలాగు అనుకున్నాను. మొత్తం కథ అందులోనే ఉందని రెండోసారి అర్థమైంది. ధర ఉంటుంది, సరే. కానీ ఆ ధర ఎవరి జేబులోంచి పోతోంది? ఇదే అసలు ప్రశ్న అని నాకనిపిస్తుంది.

రెజీనా శాపం వేయాలంటే తను అందరికంటే ఎక్కువగా ప్రేమించే మనిషి గుండె కావాలి. ఆమె ఎవరి గుండె తీసింది? సొంత తండ్రిది. ఆయన ఆమెను పట్టుకుని, ఈ పగ వదిలేయ్, ఇంకోలా బతుకుదాం అని బతిమాలుతూనే ఉంటాడు. అక్కడ ఆమె కంట్లో నీళ్లున్నాయి, కాదనను. కానీ ఆమె నొప్పికి ప్రాణం పెట్టింది ఆయన.

ఇక్కడ మన కథలు గుర్తొస్తాయి. చిన్నప్పుడు మా అమ్మమ్మ బాలనాగమ్మ కథ చెప్పేది. అందులో మాయల ఫకీరు ప్రాణం ఎక్కడో ఏడు సముద్రాల అవతల ఒక చిలుకలో ఉంటుంది. మన మాంత్రికులు తమ ప్రాణాన్ని తీసి దూరంగా దాచుకుంటారు. రెజీనా దీన్ని తిరగేసింది. ఇతరుల గుండెలు పెకలించి, చిన్న చిన్న పెట్టెల్లో పెట్టి, సమాధి కింద గదిలో అరలు అరలుగా దాచుకుంది. ఆ గుండె చేతిలో ఉంటే ఆ మనిషి ఆమె చెప్పినట్టు ఆడాల్సిందే. ఆ గదిని మొదటిసారి చూపించినప్పుడు నేను వీడియో ఆపేసి కాసేపు బయట తిరిగొచ్చాను.

మరి ఆమె అలా ఎందుకైంది? మొదటి సీజన్ 18వ ఎపిసోడ్ చూడండి. రెజీనా అప్పటికి గుర్రాలంటే ఇష్టపడే మామూలు పిల్ల. గుర్రపుశాలలో పనిచేసే డేనియల్‌ని ప్రేమించింది. తల్లి కోరాకు కూతుర్ని రాణిని చేయాలని పంతం. చిన్నపిల్ల స్నో వైట్ వీళ్లిద్దరి రహస్యం తెలుసుకుంటుంది, ఎవరికీ చెప్పనని మాటిస్తుంది. తల్లి లేని పిల్ల కదా, కోరా వచ్చి తల్లి ప్రేమ గురించి తియ్యగా మాట్లాడేసరికి నోరు జారుతుంది. కోరా డేనియల్ గుండె తీసి కూతురి కళ్ల ముందే నలిపి పొడి చేస్తుంది.

నాకు అర్థం కానిది, చెల్లి నాకు అర్థమయ్యేలా చేసింది ఇదే: రెజీనా పగ పట్టింది ఎవరి మీద? చంపిన తల్లిని అద్దం దాటించి వేరే లోకంలోకి నెట్టేసి ఊరుకుంది. ఏళ్ల తరబడి వేటాడింది మాత్రం ఆ పిల్లని. ఎందుకంటే తల్లిని ద్వేషించడం ఆమెకు చేతకాలేదు. మన ఇళ్లల్లోనూ చూస్తుంటాం కదండీ, పెద్దవాళ్ల మీద చూపించలేని కోపం చిన్నవాళ్ల మీద పడటం. ఆ మనస్తత్వాన్ని ఇంత బాగా రాసిన అద్భుత కథల సిరీస్ నేను ఇంకోటి చూడలేదు.

ఇక ప్రేమ సంగతి. ఈ సిరీస్‌లో ఎలాంటి శాపాన్నయినా విరిచేది నిజమైన ప్రేమతో పెట్టే ముద్దు. అది ప్రిన్స్, ప్రిన్సెస్ వ్యవహారం అనుకుంటాం. కానీ మొదటి సీజన్ చివర్లో శాపాన్ని విరిచింది ఏ ముద్దు? ఆసుపత్రి మంచం మీద చలనం లేకుండా పడి ఉన్న హెన్రీ నుదుటి మీద ఎమ్మా పెట్టిన ముద్దు. ఒక తల్లి ముద్దు. నేను ఊహించలేదు, సీట్లోంచి లేచిపోయాను.

స్నో, చార్మింగ్‌ల కథలో మొదటి సీజన్ 16వ ఎపిసోడ్ కూడా నాకు చాలా ఇష్టం. బాధ భరించలేక స్నో వైట్ అప్పటికే అతన్ని మర్చిపోయే మందు తాగేసి ఉంటుంది. ప్రేమతోపాటు మంచితనం కూడా పోయి, విల్లు పట్టుకుని రాణిని చంపడానికి బయలుదేరుతుంది. చార్మింగ్ వెళ్లి ముద్దు పెడతాడు, పని చేయదు. తర్వాత ఆమె వదిలిన బాణానికి తను అడ్డుపడతాడు. ఆమె చేతులు నెత్తుటి మయం కాకూడదని. అప్పుడు పని చేస్తుంది ముద్దు. ధర తన ఒంటి మీద వేసుకున్నాడు చూడండి. నేను పట్టుకున్న కొలత ఇదే.

ఈ కొలతతో హీరోలను కూడా చూడాలి మరి. నాలుగో సీజన్‌లో ఒక విషయం బయటపడుతుంది. పుట్టబోయే ఎమ్మాలో చెడు పెరగకూడదని స్నో, చార్మింగ్ కలిసి డ్రాగన్‌గా మారగల మాలెఫిసెంట్ అనే మంత్రగత్తె పెట్టిన గుడ్డును దొంగిలిస్తారు. ఎమ్మాలో ఉండగల చీకటంతా అందులోకి పంపించేస్తారు. లోపల ఉన్నది ఆమె బిడ్డ. ఆ బిడ్డ వేరే లోకంలోకి జారిపోతుంది, తల్లికి దూరమవుతుంది. తమ పాప బాగుండాలని ఇంకొకరి పాపను తాకట్టు పెట్టారు. చెప్పండి, రెజీనాకూ వీళ్లకూ అక్కడ తేడా ఏంటి? స్నో వైట్‌ను సమర్థించే మా చెల్లి ఈ ఎపిసోడ్ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. రెండో సీజన్‌లో ఇంకోటుంది. కోరాను చంపడానికి, ఆమె ఒంట్లోంచి తీసి దాచుకున్న గుండె మీద స్నో ఒక మంత్రపు కొవ్వొత్తి వాడి, ఆ గుండెను రెజీనా చేతులతోనే తల్లి ఒంట్లో పెట్టిస్తుంది. తర్వాత స్నో గుండె మీద ఒక నల్లటి మచ్చ. అది చూపించిన రచయితలకు దండం పెట్టాలనిపించింది.

రంపుల్‌స్టిల్ట్‌స్కిన్, బెల్‌ల ప్రేమ గురించి కూడా చెప్పాలి. ఇక్కడ మా ఇద్దరి పక్షాలూ మారతాయి. చెల్లికి వీళ్లంటే పిచ్చి. రాబర్ట్ కార్లైల్ నటనకు నేనూ ఫ్యాన్‌నే. మొదటి సీజన్ 12వ ఎపిసోడ్‌లో బెల్ చేతిలోంచి జారి అంచు విరిగిన ఆ కప్పు... ఆ కప్పును ఎవరు మర్చిపోతారు? బెల్ ముద్దుకు, అతనికి మాయశక్తినిచ్చిన శాపం కరగడం మొదలవగానే అతను భయపడి ఆమెను తోసేస్తాడు. తన శక్తే తనకు ముఖ్యమంటాడు. నిజానికి ఇతను శక్తి కోరుకుంది కొడుకును యుద్ధం నుంచి కాపాడటానికి. ఆ శక్తి కోసమే అదే కొడుకు చెయ్యి వదిలేశాడు. అతన్ని అదుపు చేయగల బాకు ఒకటుంది; మూడో సీజన్ చివర్లో బెల్‌కు దాని నకిలీ ఇచ్చి పెళ్లి చేసుకుంటాడు. నాలుగో సీజన్‌లో నిజం తెలిసి, అసలు బాకుతో అతన్ని ఊరి గీత దాటించి పంపించేస్తుంది బెల్. ఆ సీన్‌లో నేను చప్పట్లు కొట్టాను, చెల్లి ఏడ్చింది. ప్రతిసారీ అతను మారతాడు, మళ్లీ అబద్ధం, మళ్లీ క్షమాపణ. ధర ఎప్పుడూ బెల్‌దే. ఏడో సీజన్ చివరికి వచ్చి తన గుండె తానే తీసి ఇంకొకరిని బతికించాడు. ఆలస్యమైంది, కానీ ఆ ధర మాత్రం తనదే. అక్కడ నేనూ ఏడ్చాను.

ఓడదొంగ కెప్టెన్ హుక్ గురించి అడుగుతారని తెలుసు. ఎమ్మాకు హుక్ సరైనవాడా, హెన్రీ తండ్రి నీల్ సరైనవాడా అని ఫ్యాన్స్ ఏళ్లపాటు వాదించుకున్నారు. నాకు హుక్ చాలు.

మళ్లీ రెజీనా దగ్గరికి. ఆమెను నేను క్షమించిన చోటు మూడో సీజన్ 11వ ఎపిసోడ్. పీటర్ పాన్ వేసిన శాపాన్ని ఆపాలంటే ఆమె తన మొదటి శాపాన్ని వెనక్కి తీసుకోవాలి. దానికి ధర హెన్రీ. వాడిని ఇక ఎప్పటికీ చూడకూడదు. ఊరి సరిహద్దు దగ్గర పసుపు రంగు కారు పక్కన నిలబడి, ఎమ్మాకూ హెన్రీకీ కొత్త జ్ఞాపకాలు ఇస్తుంది. వాళ్లిద్దరూ ఎప్పుడూ విడిపోలేదన్నట్టుగా, హెన్రీని ఎమ్మాయే పెంచినట్టుగా. అంటే పదేళ్లు తను పెంచిన పెంపకాన్నంతా ఇంకో తల్లి చేతిలో పెట్టేసింది, తన పేరు కూడా మిగలకుండా. మొదటిసారి తండ్రి ప్రాణంతో కొన్న శాపాన్ని, ఈసారి తన మాతృత్వంతో తీర్చింది. అదే సీజన్‌లో తర్వాత హెన్రీ నుదుటి మీద ముద్దుపెట్టి శాపం విరిచింది కూడా రెజీనాయే. పెంచిన ప్రేమ కన్న ప్రేమతో సమానమని అంత సూటిగా చెప్పిన సీన్ కోసం నేను ఈ సిరీస్‌ను పదిసార్లయినా చూస్తాను.

ఐదో సీజన్ చివర్లో ఆమెలోని చెడ్డ రాణిని మందుతో వేరే మనిషిగా విడదీసినప్పుడు నాకు కోపం వచ్చింది. చేసిన తప్పులు వేరే ఒంట్లోకి వెళ్లిపోతే ఇక బాధ్యత ఎవరిది? కానీ ఆరో సీజన్‌లో రెజీనా తన ప్రేమలో సగం ఆ రాణికిచ్చి, ఆమె చీకట్లో సగం తను తీసుకుంటుంది. ఆ ముగింపు కోసం ఆ సీజన్‌లోని బోర్ ఎపిసోడ్లన్నీ క్షమించేశాను.

అయినా చెల్లి దగ్గర ఒక ప్రశ్న ఉంది. దానికి నా దగ్గర జవాబు లేదు. గ్రాహమ్. స్నో వైట్‌ను చంపమని పంపితే చంపలేక వదిలేసిన వేటగాడు. దానికి శిక్షగా రెజీనా అతని గుండె తీసుకుంది. స్టోరీబ్రూక్‌లో అతను షెరీఫ్. తన గుండె తన దగ్గర లేదని కూడా తెలియకుండా ఆమె మంచం మీదికి వెళుతుంటాడు. ఇష్టం అనే మాటకే అక్కడ చోటు లేదు. మొదటి సీజన్ ఏడో ఎపిసోడ్‌లో ఎమ్మాను ముద్దుపెట్టుకోగానే అతనికి అన్నీ గుర్తొస్తాయి. ఆ రాత్రే రెజీనా ఆ గుండెను నలిపేస్తుంది. ఎమ్మా చేతుల్లోనే పోతాడు.

ఐదో సీజన్‌లో అందరూ పాతాళ లోకానికి వెళతారు. అది వందో ఎపిసోడ్. చనిపోయినవాళ్లు ఒక్కొక్కరే కనిపిస్తారు. రెజీనాకు ఆమె తండ్రి కనిపిస్తాడు. ఆమె క్షమాపణ అడుగుతుంది, ఆయన క్షమించి వెలుగులోకి నడిచి వెళతాడు. చాలా గొప్ప సీన్. ఆ సీజన్ అంతా నేనూ చెల్లీ ఒకే మనిషి కోసం ఎదురుచూశాం. ప్రతి ఎపిసోడ్ మొదట్లో చెల్లి 'ఈ రోజు వస్తాడేమో అక్కా' అనేది.

గ్రాహమ్ రాలేదు.