సువాన్‌లో సున్‌దుబు: ఒక్కడు వెళ్ళినా వడ్డించే పులుసు

అందరికీ నమస్కారం. "అక్కడ రోజూ ఏం తింటున్నావురా, ఒక్కసారి వీడియో తీసి పెట్టరాదూ" అని తణుకులోని మా పెద్దమ్మ మూడు నెలలుగా అడుగుతూ ఉండడం వల్ల, ఈ ఆదివారం మధ్యాహ్నం కెమెరా పట్టుకుని మా వీధి చివరనున్న సున్‌దుబు హోటలుకు వచ్చాను. నేనుండే సువాన్ నగరం దక్షిణ కొరియాలో, సియోల్‌కు దక్షిణాన దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో ఉంది.

ఒంటరిగా ఉండేవాడికి ఈ దేశంలో ఒక చికాకు ఉంది. బల్ల మీదే మాంసం కాల్చుకుని తినే హోటళ్ళలో చాలా చోట్ల, కనీసం ఇద్దరికి సరిపడా ఆర్డరు ఇస్తే గాని పొయ్యి వెలిగించరు. వచ్చిన కొత్తలో అలా రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. సున్‌దుబు హోటల్లో ఆ బాధ లేదు, ఎందుకంటే ఇక్కడ ఎవరి మూకుడు వారిదే. నా పక్క బల్లల దగ్గర కూడా ఒక్కొక్కరే కూర్చుని, ఫోను చూసుకుంటూ తింటున్నారు.

సున్‌దుబు అంటే సోయా పాలను విరిచి, బరువు పెట్టి నొక్కకుండా, నీటితో సహా అలాగే వదిలేసిన మెత్తని తోఫు. పనీరును మనసులో పెట్టుకుని రావద్దు. నోట్లో వేసుకుంటే అది జున్నులా జారిపోతుంది, అయితే తీపి ఉండదు. దానిని కారం, వెల్లుల్లి, ఉల్లికాడలు, ఆల్చిప్పలు వేసిన పులుసులో ఉడికిస్తే సున్‌దుబు జిగే అవుతుంది. నేను పులుసు అంటున్నాను గాని ఇందులో చింతపండు ఉండదు.

ఇదిగో, వచ్చేసింది. నల్లటి మట్టి మూకుడులో పులుసు కుతకుతలాడుతూనే బల్ల మీదికి వచ్చింది. మా నాయనమ్మ రాచ్చిప్పను పొయ్యి మీద నుంచి దించిన తరువాత కూడా పులుసు ఉడుకుతూనే ఉండేది, అచ్చం అలాగే ఉంది. మీకు చూపిద్దామని దగ్గరికి వంగగానే ఆవిరికి లెన్సంతా మసకబారింది. బల్ల మీది బుట్టలో పచ్చి గుడ్లు ఉంటాయి, పులుసు తెర్లుతుండగానే ఒకటి కొట్టి వేసుకోవాలి. ఒక చేత్తో కెమెరా, మరో చేత్తో గుడ్డు పట్టుకున్నందుకు పెంకు ముక్క కూడా లోపల పడింది. దానిని చెంచాతో వెతికి తీయడానికి పట్టిన సమయాన్ని వీడియోలో కత్తిరించాను.

ఎర్రటి రంగు చూసి భయపడనక్కర లేదు. కొరియా కారంలో రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. గుంటూరు మిరపకాయకు అలవాటు పడిన నాలుకకు కారం కన్నా వేడే తగులుతుంది. శాకాహారులు మాత్రం ఒక సంగతి గమనించాలి. మాంసం వద్దని చెప్పినంత మాత్రాన సరిపోదు, పులుసులో పోసే నీటినే చాలా చోట్ల ఎండు నెత్తళ్ళు, సముద్రపు నాచు వేసి కాచుతారు. ఊరబెట్టిన కూరగాయల కిమ్చీలో కూడా సాధారణంగా ఉప్పులో ఊరిన రొయ్యపొట్టో చేపల ద్రావణమో ఉంటుంది. కిందటి ఏడాది మా అమ్మ వచ్చినప్పుడు ఇది నాకు తెలియక, శనివారం నాడు నీచు ముట్టని మనిషిని ఇక్కడికే తీసుకువచ్చాను. ఆమె సంచిలోంచి మాగాయ సీసా తీసి, ఉత్త అన్నంలో కలుపుకుని తిన్నది.

ఆ అన్నం గురించే అసలు చెప్పాలి. అన్నాన్ని కూడా ఒక్కొక్కరికి ఒక్కో చిన్న రాతి గిన్నెలో వండి, మూతతో సహా తెస్తారు. పైన ఉన్న అన్నాన్ని వేరే గిన్నెలోకి తీసుకుని, అడుగున అంటుకున్న మాడు మీద వేడినీళ్ళు పోసి మూత పెట్టాలి. మనం పులుసు తినేలోపు ఆ మాడు నాని, కమ్మటి వాసనతో గంజిలా తయారవుతుంది. ఆ మాడునే నురుంజి అంటారు. మన ఇళ్ళలో అడుగంటితే వంట చేసినవారిని తిడతాము, ఇక్కడ అడుగంటకపోతే తిడతారేమో. అమ్మ ఒక గుక్క తాగి, "మా అమ్మ కుండ గోకి ఇలాగే ఇచ్చేది, నలభై ఏళ్ళయింది" అని, నా గిన్నెలోది కూడా లాక్కుంది.

ఈ భోజనం ఖరీదు 11,000 వాన్‌లు, అంటే మన డబ్బుల్లో సుమారు 650 నుంచి 700 రూపాయలు. తణుకులో ఆ డబ్బుతో ఇంటిల్లిపాదీ భోజనం చేయవచ్చునని పెద్దమ్మ అంటుందని నాకు తెలుసు. అయితే పెద్దమ్మా, కిమ్చీ, సోయా మొలకల కూర ఎన్నిసార్లు అడిగినా ఊరికే వేస్తారు, టిప్పు ఇచ్చే ఆచారం ఇక్కడ లేదు.

వడ్డించే ఆవిడను ఇక్కడ చాలామంది "ఇమో" అని పిలుస్తారు, అంటే అమ్మకు తోబుట్టువు, మన లెక్కలో పిన్నో పెద్దమ్మో. ఇంకొంచెం మొలకలు కావాలని నేనూ అలాగే పిలిచాను. ఆవిడ మొలకలు పెట్టి, నేను మరచిపోయిన వేడినీళ్ళను నా రాతి గిన్నెలో పోసి, ఎదుటి కుర్చీ వైపు చూపించి అమ్మ ఎప్పుడు వస్తుందని అడిగింది. వసంతంలో వస్తుందని చెప్పాను. ఇంకా టిక్కెట్టు కొనలేదు.

మూత తీయడానికి మరో రెండు నిమిషాలు ఆగాలి గాని, కెమెరా బ్యాటరీ ఎర్ర గుర్తు చూపుతోంది. నురుంజి గంజి తాగడం ఈసారి మీకు చూపలేకపోతున్నాను.