మైల్స్ లాగ్ అవుతున్నాడా, మీ టీవీ తప్పా?

"స్పైడర్-వర్స్ ప్రింట్ బాలేదు, కుర్రాడు లాగ్ అవుతున్నాడు." ఈ మాట విని విని విసుగొచ్చిందండీ. స్పైడర్-వర్స్ అంటే స్పైడర్‌మ్యాన్ యానిమేషన్ సినిమా, ఆ కుర్రాడే మైల్స్, కొత్తగా స్పైడర్‌మ్యాన్ అవుతున్నవాడు. ప్రింట్ బానే ఉంది. ఆ లాగ్ కావాలని పెట్టిందే.

[స్క్రీన్ మీద: అడవి సీన్, స్లో]

2018 నాటి మొదటి భాగం ఇది. సెకనుకి 24 ఫ్రేములు, అంటే 24 బొమ్మలు. చేయితిరిగిన పెద్ద స్పైడర్‌మ్యాన్ పీటర్‌కి ప్రతి ఫ్రేముకీ పోజు మారుతుంది. పక్కనే ఊగుతున్న మైల్స్ పోజు మాత్రం రెండేసి ఫ్రేములు నిలబడిపోతుంది, అంటే సెకనుకి 12 పోజులే. షాట్ ఒకటే, ఇద్దరి నడక వేరు.

మన బరంపురం కుర్రాణ్ణి తీసుకోండి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. హైదరాబాద్ హాస్టల్లో నోరు తెరవబోయి, "ఈ మాటకి నవ్వుతారేమో" అని లోపలే ఒకసారి తూచుకుంటాడు. భాష రాక కాదు. ఆ తూచుకునే అరక్షణమే మైల్స్ రెండో ఫ్రేము. పీటరేమో, నోటికొచ్చింది అనేసే రూమ్ సీనియర్!

నమ్మకపోతే లెక్కపెట్టండి. ల్యాప్‌టాప్‌లో యూట్యూబ్ క్లిప్ ఆపి, ఫుల్‌స్టాప్ కీ నొక్కితే ఒక్కో ఫ్రేమే కదులుతుంది. క్లిప్‌ని ఎవరైనా 30 ఫ్రేములకి మార్చి ఎక్కించి ఉంటే మాత్రం లెక్క తప్పుతుంది, ప్రతి నాలుగు ఫ్రేములకీ ఒకటి అదనంగా దూరుతుంది కాబట్టి. టీవీలో అయితే మోషన్ స్మూతింగ్ ఆపేయండి. ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో అని ఉంటుంది. అది మధ్యలో లేని బొమ్మలు పుట్టించి మైల్స్‌నీ పీటర్‌లా నున్నగా చేసేస్తుంది. కుర్రాడి బెరుకంతా తుడిచిపెట్టేస్తుంది, దరిద్రపు సెట్టింగ్!

[స్క్రీన్ మీద: భవనం మీంచి దూకుడు]

ఇక్కడ చూడండి. మైల్స్ దూకుతుంటే వేళ్ళు అద్దానికి అంటుకుపోయి, గాజు ముక్కలు ఊడొస్తాయి. మన హాస్టల్ కుర్రాడు తూచకుండా మాట అనేశాడు, వణుకు మాత్రం ఇంకా పోలేదు. ఆపైన కెమెరా తలకిందులు. పడుతున్నవాడు న్యూయార్క్ నగరం మీదికి లేస్తున్నట్టుంటాడు. ఈ సినిమా మొత్తంలో నాకు ఇంతకు మించిన షాట్ లేదు.

టైమైపోతోంది, గబగబా చెప్పేస్తా. ఇలాంటి బెరుకే ఇంకో యానిమేషన్ సినిమాలో, 1989 నాటి జపాన్ 'కికీస్ డెలివరీ సర్వీస్'. స్వీడన్‌లోని స్టాక్‌హోమ్, విస్బీ చూసి గీసిన ఊరు, చీపురు మీద ఎగిరే 13 ఏళ్ళ మంత్రగత్తె పిల్ల. విలన్ లేడు, ఫ్రేముల తిరకాసూ లేదు. ఉన్నట్టుండి ఎగరడం రాకుండా పోతుంది, అంతే. 'టర్నింగ్ రెడ్' అనే మరో యానిమేషన్ సినిమాలో టొరంటో సంగతి ఇంకో వీడియోలో.