నోటు పుస్తకం రేటు పెరిగితే తప్పు చైనాదా, మనదా? తిరుపతి స్టూడియోలో జరిగిన చర్చ

(విన్నది విన్నట్టే రాశాను. ఒకరిమీద ఒకరు మాట్లాడిన చోట వినిపించినంత వరకే ఉంటుంది.)

యాంకర్: నమస్కారం. బడులు తెరిచే వారం ఇది. రేటు అదే ఉన్నా పేజీలు తగ్గాయని, కాగితం పలచబడిందని తల్లిదండ్రులు టెన్షన్ పడుతున్నారు. లెక్చరర్ గారు, రైతు నాయకుడు, నోటు పుస్తకాలు వేసే ప్రెస్ యజమాని, ముగ్గురికీ సమానంగా టైమిస్తాను. లెక్చరర్ గారూ, కాగితం చేయడానికి ఆసియాలోకి వచ్చే చెక్క గుజ్జంతా చైనా కొనేస్తోంది కాబట్టే కదా ఇదంతా?

లెక్చరర్: చైనాదే పెద్ద వాటా, నిజమే. 2022లో సుమారు 2.9 కోట్ల టన్నులు తెప్పించుకుంది, 2023లో 3.6 కోట్లు దాటింది. 2021 జనవరి నుంచి బయటి చిత్తు కాగితాన్ని రానివ్వడం మానేశారు. అంతకుముందు అమెరికా, యూరప్ చిత్తుతో అట్టపెట్టెలు చేసుకునేవాళ్లు, ఆ లోటు పూడ్చుకోవడానికి...

రైతు నాయకుడు: సార్, చైనా సంగతి తర్వాత. పలమనేరు సంగతి మాట్లాడండి. నేను నీలగిరి వేసి నాలుగేళ్లు కాపలా కాసినాను. కోత కొచ్చేసరికి కొనేవాడు బెరడు తీసి, ముక్కలు కొట్టి, లోడ్ చేసి తెమ్మన్నాడు. కాటా దగ్గర తేమ అని ఇంత, బెరడు అని ఇంత కోసేసినాడు. రాజమండ్రి మిల్లుకు తోలదామంటే ఐదొందల కిలోమీటర్లకు పైనే, లారీ బాడుగకే సరిపాయె!

యాంకర్: అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ చైనా కొనడం వల్లే కదా...

ప్రెస్ యజమాని: నన్నొక మాట చెప్పనివ్వండి. (రెండు కాగితాలు తీసి మైకు ముందు చించారు.) అంచు చూడండి. దీనికి సన్నటి నూగులాగా పోగులు లేచాయి, పొడుగు నార కలిసిన కాగితం ఇది. రెండోది టక్కున తెగింది. ఆ పొడుగు నార పైన్ చెట్లది, కెనడా, ఫిన్లాండ్ లాంటి చలి దేశాల నుంచి వస్తుంది. మన నీలగిరి, సర్విలో ఉండేది పొట్టి నార. రాయడానికి బాగుంటుంది గానీ గట్టిదనం కావాలంటే కొంత పొడుగు నార కలపాల్సిందే.

రైతు నాయకుడు: అయితే పొట్టి నార కూడా బ్రెజిల్ నుంచి ఎందుకు తెస్తున్నారు మేడమ్? అక్కడిదీ నీలగిరే కదా!

లెక్చరర్: మంచి ప్రశ్న. 2024లో అక్కడ ఏడాదికి 25 లక్షల టన్నులకు పైగా తీసే ఒక్క మిల్లే మొదలైంది. తోటలు కంపెనీవే, మిల్లు పక్కనే. మన దగ్గర 1988 అటవీ విధానం కలప కావాలంటే రైతుల చేత పెంచించుకోమంది, కాబట్టి చిన్నచిన్న పొలాల నుంచి...

రైతు నాయకుడు: అదే నేను చెప్పేది! పెంచమంటారు, కొనరు!

యాంకర్: ఒక ఫోన్ కాల్ తీసుకుందాం. బంగారుపాళ్యం నుంచి.

కాలర్: గుజ్జు అంటే తోతాపురి గుజ్జు గురించి అనుకున్నాను సార్. 2025లో కిలోకి ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4 రూపాయలు అన్నారు గదా, ఆ మాట...

రైతు నాయకుడు: సరిగ్గా అడిగినావు తమ్ముడూ! కాయైనా కట్టైనా ఫ్యాక్టరీవాడు చెప్పిందే రేటు!

(ఇక్కడ ఐదు నిమిషాలు మామిడి, ఆ పైన ఎర్రచందనం.)

యాంకర్: మళ్లీ అసలు విషయానికి వస్తే, చైనా...

లెక్చరర్: ఒక్కటి చెప్పనివ్వండి. 2024లో చైనా గుజ్జు దిగుమతి తగ్గింది. వాళ్లే మిల్లులు కట్టుకుని, వియత్నాం లాంటి చోట్ల నుంచి చెక్క పేళ్లు తెచ్చుకుంటున్నారు. గుజ్జు లెక్క తగ్గిందంటే చెట్టు వాడకం తగ్గిందని కాదు, అది వేరే...

రైతు నాయకుడు: పేళ్లైనా గుజ్జైనా అమ్మేది వాళ్ల రైతే గదా సార్, నా మాట అదే!

(నాకు మనసు చివుక్కుమన్నది ఇక్కడే. ఆ గంటలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట లెక్చరర్ చెప్పబోయిందే, మధ్యలోనే పోయింది.)

ప్రెస్ యజమాని: మరి నీలగిరి తాగే నీళ్ల సంగతి? పక్కనే కర్ణాటక 2017లో నీలగిరి కొత్తగా నాటొద్దంది. మన బోర్లు వెయ్యి అడుగులు పోతున్నాయి.

రైతు నాయకుడు: అయితే సర్వి వేస్తాం! చెరువు కింద వరి నీళ్లు తాగదా మేడమ్? ముందే రేటు రాసిమ్మనండి, ఆగ్నేయాసియా దేశాలతో ఉన్న ఆసియాన్ ఒప్పందం పేరుతో సుంకం లేకుండా వచ్చే కాగితాన్ని ఆపమనండి, తర్వాత చూద్దాం!

ప్రెస్ యజమాని: అది ఆపితే నా పుస్తకం రేటు...

రైతు నాయకుడు: పెరిగితే పెరగనీ, రైతుకు రానీ!

యాంకర్: అన్న చెప్పిన దాంట్లో న్యాయం ఉంది. లెక్చరర్ గారూ, పది సెకన్లు. చైనా వల్లే అనొచ్చా?

లెక్చరర్: పది సెకన్లలో ఎలా అండీ, అది...

రైతు నాయకుడు: నేను చెప్తాను...

యాంకర్: బ్రేక్ తర్వాత వేరే అంశంతో కలుద్దాం.