నొప్పి పోయింది, మరి కాలు మళ్లీ ఎందుకు మడత పడింది?

(దృశ్యం: సార్వా కోసేసి, దాళ్వాకి ఇంకా దమ్ము చేయని చేను. సున్నంతో గీసిన కబడ్డీ కోర్టు.)

అమలాపురం పక్కన మా ఊరండీ ఇది. సంక్రాంతి పోటీలకి ఇంకా పది రోజులుంది. కూతకెళ్లిన కుర్రాడు బోనస్ గీత తొక్కి వెనక్కి తిరగబోయాడు. ఎవరూ పట్టుకోలేదు, తనే పడ్డాడు. కుడి పాదం లోపలికి మడత పడింది.

కార్తీకంలోనూ ఇదే కాలు. అప్పుడు వాళ్లమ్మ చింతపండు, ఉప్పు ఉడకబెట్టి పట్టు వేసింది. వారంలో వాపు దిగింది, ఇంకో వారానికి నొప్పి పోయింది. "తగ్గిపోయిందండీ" అని మళ్లీ కోర్టులోకి దిగాడు. తగ్గింది నొప్పే.

(దృశ్యం: చీలమండ బొమ్మ, బయటివైపు లిగమెంట్లు ఎర్రగా.)

చీలమండని బయటివైపు పట్టి ఉంచే లిగమెంట్లు మూడు. పాదం లోపలికి తిరిగితే ఎక్కువగా చిరిగేది ముందువైపుది. లిగమెంటంటే వట్టి తాడు అనుకుంటాం గానీ, అందులో సన్నని నరాల కొసలుంటాయి. పాదం ఎటు వాలింది, ఎంత వేగంగా తిరుగుతోంది అన్న కబురు అవి వెన్నుపాముకీ మెదడుకీ పంపుతుంటాయి.

రాత్రిపూట నీళ్లు చూసుకోడానికి గట్టు మీద వెళ్లే రైతుని గమనించండి. టార్చి బోదె వైపు ఉంటుంది, జానెడు గట్టు చీకట్లో ఉంటుంది. కాళ్ల వంక చూడడు. మట్టి జారితే పాదమే సర్దుకుంటుంది. లిగమెంటుతో పాటు ఆ కొసలూ దెబ్బతింటే కబురు ఆలస్యమవుతుంది, ఒక్కోసారి తప్పుగా వెళ్తుంది.

1965లోనే బ్రిటన్ సర్జన్ ఫ్రీమన్, ఆయన సహచరులు ఈ మాట చెప్పారు. ఊగే చెక్క మీద నిలబడే సాధన చేసినవాళ్లకి కాలు జారిపోవడం తగ్గిందనీ గమనించారు.

ఇక బలం సంగతి. పిక్క బయటివైపు కండరాలు పాదాన్ని బయటికి లాగి కాపాడతాయి. అవి చిరగకపోయినా నీరసపడతాయి. కీలు వాచి ఉన్నంతకాలం చుట్టూ ఉన్న కండరాలకి వెన్నుపాము పూర్తి ఆజ్ఞ ఇవ్వదు. పైగా వారాల తరబడి కుంటితే పిక్క సన్నబడుతుంది. పాదం మడత పడేది రెప్పపాటులో. ఆలస్యంగా మేలుకున్న కండరం ఎంత బలమైనదైతే ఏం లాభం?

(దృశ్యం: గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడ్డ కుర్రాడు, కళ్లు మూసుకుని.)

నొప్పి తగ్గాక గోడ పక్కన ఇలా నిలబడి చూడండి. చీలమండ గజగజలాడుతుంది. ఇక్కడో చిత్రం ఉంది. ఒక కాలు బెణికితే రెండో కాలి మీద నిలకడ కూడా తగ్గుతుందని పరిశోధనల్లో కనబడింది. అందుకే "మంచి కాలితో పోల్చానండీ, సమానంగానే ఉంది" అని ఎవరైనా అంటే ఫిజియోథెరపిస్టుగా నేను పూర్తిగా నమ్మను.

సాధనకి పెద్ద ఖర్చేం లేదు. పాత సైకిల్ ట్యూబు పాదానికి తగిలించి బయటికి లాగడం. మడమలెత్తడం. ఒంటికాలి మీద నిలబడి బంతి పట్టుకోవడం. అవి కుదిరాకే ఒంటికాలి గెంతులు, ఆ తర్వాతే కూత. ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, టెన్షన్ పడకండి. అయితే దెబ్బ తగిలిన వెంటనే నాలుగు అడుగులు వేయలేకపోయినా, చీలమండ ఎముక వెనక అంచు నొక్కితే నొప్పి పుట్టినా పట్టు వేయొద్దు, ముందు ఎక్స్‌రే తీయించండి.

(దృశ్యం: పండగ నాటి కోర్టు.)

మన కుర్రాడు ఈసారి ఆడట్లేదు. గీత పక్కన కూర్చుని స్కోరు రాస్తున్నాడు. కుర్చీ కాలికి సైకిల్ ట్యూబు కట్టి ఉంది.