గంజి, గ్యాస్ దీపం, తెల్ల పావడా: విక్టోరియా కాలపు బ్యాలే దుస్తులు

సభకు నమస్కారం.

బ్యాలే అనగానే చాలామందికి గుర్తొచ్చేది నడుము చుట్టూ నేలకు సమాంతరంగా నిలబడిన పొట్టి పావడా. అది 20వ శతాబ్దపు సరుకు. విక్టోరియా రాణి ఏలిన 1837 నుంచి 1901 దాకా నాట్యకత్తెలు కట్టింది గంట ఆకారంలో జారే పావడా. మొదట్లో పిక్కల దాకా ఉండేది, చివరికొచ్చేసరికి మోకాలి దాకా ఎగిసింది. ఈ రోజు ముఖ్యంగా ఆ పావడాకు వాడిన బట్ట గురించి మాట్లాడతాను. ఆ కాలపు బ్యాలే అందమూ, ఆ కాలపు మరణాలూ ఒకే బట్టలోంచి వచ్చాయి కాబట్టి.

ఆ బట్ట పేరు టార్లటాన్. పలచని నేత నూలు మస్లిన్‌కు గట్టిగా గంజి పట్టించి ఆరబెట్టినది. దోమతెర కంటే కాస్త దట్టంగా ఉంటుంది, ముట్టుకుంటే గరగరలాడుతుంది. గంజి ఉన్నంతసేపే దానికి ప్రాణం. చెమట తగిలినా, మంచు గాలి తగిలినా వాలిపోతుంది. ఉతికితే గంజి మొత్తం పోయి గుడ్డపీలిక మిగులుతుంది. అందుకని టార్లటాన్ పావడాను ఉతికేవాళ్ళు కాదు, నలిగాక కొత్త పొరలు వేసేవాళ్ళు. దీనికి తోడుగా టల్లే, అంటే షట్కోణాల సన్నని వల. జాన్ హీత్‌కోట్ 1808, 1809లలో పేటెంట్లు పొందిన యంత్రం ఈ వలను చవక చేసింది. అంతకుముందు చేత్తో అల్లిన వలను పొరలు పొరలుగా వేయడం రాజుల ఇళ్ళకే సాధ్యం.

ఈ దుస్తులకు మూసపోసింది విక్టోరియా పట్టాభిషేకానికి ముందే. 1832 మార్చి 12న పారిస్ ఒపేరాలో నాట్యకత్తె మరీ తగ్లియోని ‘లా సిల్ఫీద్’ అనే బ్యాలేలో గాలి ఆత్మ వేషం ఆడింది. దుస్తుల రూపకల్పన యూజీన్ లామీ పేరు మీద ఉంది. బిగుతు రవిక, భుజాలు బయటపడే మెడ, తెల్ల గంట పావడా, పింక్ సిల్కు మేజోళ్ళు. జాగ్రత్తగా చూస్తే రవిక ఆనాటి ఆడవాళ్ళు విందులకు వేసుకున్న రవికే, పావడా ఒక్కటే కొత్త. అంటే చూసేవాళ్ళకు ఆ వేదిక మీది ఆత్మ తమ ఇంటి ఆడపిల్లలాగే నడుము బిగించుకుని కనిపించింది. ఆ ఆకర్షణ లండన్‌కూ పాకింది. చిన్నప్పుడు విక్టోరియా, ఆమె సంరక్షకురాలు లేజెన్ కలిసి 132 చెక్కబొమ్మలకు బట్టలు కుట్టారు. అందులో తగ్లియోని వంటి నాట్యకత్తెల వేషాలూ ఉన్నాయి. 1845 జూలై 12న లండన్ హర్ మెజెస్టీస్ థియేటర్‌లో తగ్లియోని, గ్రిసి, చెరీటో, గ్రాన్ అనే నలుగురు నాట్యకత్తెలు ‘పా ద కాత్ర్’లో కలిసి ఆడారు. ఆ నెలలోనే మూడో ప్రదర్శనకు రాణి, ఆమె భర్త ఆల్బర్ట్ వచ్చారు.

తెలుపే ఎందుకు? గ్యాస్ దీపం వల్ల. నూనె దీపాలను ఒక్కొక్కటే తగ్గించాలి. గ్యాస్‌కు ఒకే చోట కవాటం తిప్పితే వేదిక మొత్తం వెన్నెలలా మసకబారుతుంది. అందులో రంగులు చచ్చిపోతాయి, ముఖ్యంగా నీలం. గ్యాస్ వెలుగు పసుపు కాబట్టి నీలం ఆకుపచ్చగా, మురికిగా కనిపిస్తుంది. తెలుపు మాత్రం వెలుగును పట్టుకుని పొరల మధ్య నిలుపుకుంటుంది. ‘జిజెల్’ బ్యాలే (1841) రెండో అంకంలో సమాధుల నడుమ తెల్ల పావడాలు తేలినట్టు కనిపించడానికి సగం కారణం నృత్యం, సగం కారణం ఆ పొరల్లో చిక్కుకున్న వెలుగు.

ఇప్పుడు పావడా కుట్టే పని. ఆ గంట ఆకారాన్ని ఈరోజు మళ్ళీ కుట్టాలనుకునేవాళ్ళ కోసం కొలతలు చెబుతాను. నడుము నుంచి తుంటి పైభాగం దాకా 8 నుంచి 10 సెంటీమీటర్ల పట్టీ, గట్టి నూలు బట్టతో. పొరలన్నీ దీనికే కుట్టాలి. నేరుగా నడుముకు కుడితే నడుము లావుగా కనిపిస్తుంది. పొడవు 70 సెంటీమీటర్లు, పొరలు 5, ఒక్కో పొర చుట్టు 5.5 మీటర్లు అనుకుందాం. 140 సెంటీమీటర్ల పన్నా వలలో అడ్డంగా రెండు పొరలు వస్తాయి కాబట్టి 14 మీటర్లు సరిపోతుంది. ఒక మీటరు అదనంగా కొనండి.

ప్రతి పొర పై అంచున అర సెంటీమీటరు ఎడంతో రెండు వరసల పొడుగు కుట్టు వేసి కుచ్చు లాగాలి. ఒకే వరస వేస్తే కుచ్చు పక్కకు తిరుగుతుంది. లాగేముందే పొరనూ, పట్టీనీ ఎనిమిది సమభాగాలుగా గుర్తు పెట్టుకోండి. గుర్తుకు గుర్తు కలిపి కుట్టండి. ఇది వదిలేస్తే కుచ్చంతా వెనక్కి జారి ముందు భాగం బోసిపోతుంది. ఎక్కువ పావడాలు చెడేది ఇక్కడే. లోపలి పొరలను పైదానికన్నా 2, 3 సెంటీమీటర్లు పొట్టిగా ఉంచాలి, లేకపోతే అంచులు తొంగిచూస్తాయి. వలకు కింద మడత కుట్టు వద్దు. మడిస్తే అంచు బరువెక్కి గంట ఆకారం గొట్టంలా మారుతుంది. పొర నుంచి పొరకు అక్కడక్కడ దారపు టాకా వేయాలి, కాని 3 సెంటీమీటర్ల దారం వదులుగా ఉంచాలి. బిగిస్తే పావడా మీద గుంటలు పడతాయి. చివరగా అంచు కత్తిరించేటప్పుడు నడుము నుంచి కొలవకండి. పావడా వేసుకునే ఆమెను నాట్యపు జోళ్ళతో నిలబెట్టి నేల నుంచి కొలవండి. ఎవరి నడుమూ నేలకు సరిసమానంగా ఉండదు.

రవిక గురించి ఒకే మాట చెప్తాను. అది ‘తిమింగలం ఎముక’ అని పిలిచే, నిజానికి తిమింగలం నోట్లోని బలీన్ పలకల బద్దలతో బిగించి, వీపున హుక్కులతో మూసేది. చంక కోత కిందికి దిగితే చెయ్యెత్తిన ప్రతిసారీ రవిక మొత్తం పైకి లేస్తుంది. కోత పైకే ఉండాలి, చూడటానికి ఎంత ఇరుగ్గా ఉన్నా సరే.

ఇక నిప్పు. సన్నని నూలు, దాని మధ్య బోలెడంత గాలి, చుట్టూ మంట బయటికి కనిపించే దీపాలు. అంచున అంటుకున్న నిప్పు నడుము దాకా రావడానికి క్షణాలు చాలు. 1844 డిసెంబర్ 14న లండన్ డ్రూరీ లేన్ థియేటర్‌లో నాట్యకత్తె క్లారా వెబ్‌స్టర్ పావడా వేదిక మీది దీపానికి తగిలింది. ప్రేక్షకుల కళ్ళెదుటే అంటుకుంది. పక్కనున్న నాట్యకత్తెలూ అదే బట్టలో ఉన్నారు, దగ్గరికెళ్తే వాళ్ళూ అంటుకుంటారు. మూడు రోజులకు ఆమె చనిపోయింది. 1861 సెప్టెంబర్‌లో ఫిలడెల్ఫియాలోని ఒక థియేటర్‌లో నాట్యకత్తెలైన గేల్ అక్కచెల్లెళ్ళతో పాటు మరికొందరు ఇలాగే కాలిపోయారు.

మందు లేక కాదు. 1821లోనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త గే-లుసాక్ అమ్మోనియం ఫాస్ఫేట్, నవాసారం, వెలిగారం వంటి లవణాలు బట్టను మండనివ్వవని చూపించాడు. 1859లో వెర్స్‌మన్, ఓపెన్‌హైమ్ అనే రసాయన శాస్త్రవేత్తలు లండన్‌లో ఎన్నో లవణాలను పరీక్షించారు. అమ్మోనియం లవణాలు బాగా పనిచేశాయి గాని వేడి ఇస్త్రీపెట్టె కింద విరిగిపోతాయి. సోడియం టంగ్‌స్టేట్ మీద ఇస్త్రీ సాఫీగా సాగింది, అందుకే చాకిరేవు పనికి దాన్ని సిఫార్సు చేశారు. అదే ఏడాది నవంబర్ 27న ఫ్రాన్సులో రంగస్థలం బట్టలన్నిటికీ కార్తెరోన్ పద్ధతిలో మంటనిరోధక ద్రావణం పట్టించాలని చక్రవర్తి ఆజ్ఞ వచ్చింది.

నాట్యకత్తెలు ఒప్పుకోలేదు. ద్రావణం పట్టిన బట్ట పసుపెక్కేది, మెరుపు పోయేది, పొరలు ఒకదానికొకటి అంటుకునేవి. తగ్లియోని శిష్యురాలు ఎమ్మా లివ్రీ తాను మామూలు పావడాలోనే ఆడతానని రాతపూర్వకంగా ఇచ్చింది. 1862 నవంబర్ 15న రిహార్సల్‌లో ఆమె తెరచాటున కూర్చోబోతూ పావడా నలగకుండా పైకెత్తి విదిలించింది. ఆ విసురుకు పక్కనున్న గ్యాస్ దీపం మంట బట్టకు అందుకుంది. ఎనిమిది నెలలు నరకం చూసి 1863 జూలై 26న, ఇరవయ్యేళ్ళకే చనిపోయింది. కాలగా మిగిలిన బట్టముక్కలు పారిస్ ఒపేరా గ్రంథాలయ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. ఆమెది మూర్ఖత్వం అనేవాళ్ళతో నేను ఏకీభవించను. నాట్యకత్తె జీతం, పేరు ఆ పావడా తేలికదనం మీద నిలిచేవి. బట్టను పసుపెక్కించని ద్రావణం తయారుచేయాల్సింది యాజమాన్యాలు, ఆ ఖర్చు పెట్టుకోవాల్సిందీ వాళ్ళే.

అదే టార్లటాన్ విందు నాట్యాల్లో మరో విధంగా చంపింది. 1850, 60లలో ఆకుపచ్చ రంగు గౌన్ల మోజు. ఆ పచ్చ రంగు రాగి, పాషాణం (ఆర్సెనిక్) కలిపినది. అది నూలులోకి ఇంకదు, గంజితో పైపైన అంటించేదే. వాల్ట్జ్ తిరిగేటప్పుడు పొడిగా రాలుతుంది. 1862లో రసాయన శాస్త్రవేత్త హాఫ్‌మన్ లెక్కకట్టి చెప్పాడు: 20 గజాల గౌనులో 900 గ్రెయిన్ల పాషాణం, అంటే సుమారు 58 గ్రాములు. వేసుకున్నవాళ్ళ కన్నా కుట్టినవాళ్ళ బతుకే ఘోరం. 1861 నవంబర్‌లో లండన్‌లో మటిల్డా షూరర్ అనే 19 ఏళ్ళ కాగితప్పూల పనమ్మాయి ఈ పచ్చ పొడి వల్లే చనిపోయింది.

మనకు దగ్గరి సంగతి ఒకటుంది. 1838లో పుదుచ్చేరి దగ్గరి తిరువేందిపురం నుంచి దేవదాసీ బృందం పారిస్‌లో, లండన్ అడెల్ఫీ థియేటర్‌లో ఆడింది. అసలైన దక్షిణాది నాట్యవేషం ఐరోపా కళ్ళారా చూసింది. అయినా 1877లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ‘లా బయదేర్’ బ్యాలే వేసినప్పుడు దేవదాసి నికియాకు తొడిగింది ఎముకల రవిక, వల పావడానే. ఆ కథలో రాజు డుగ్మంత ఏలేది గోల్కొండను! పేరు మన ఊరిదే తీసుకున్నారు, చీరకట్టు మాత్రం తీసుకోలేదు. బ్యాలే అడుగులు కాళ్ళను చూపించాలి కాబట్టి.

ఆ అవసరమే పావడాను పొట్టి చేసింది. 1885లో ఇటలీ నాట్యకత్తె వర్జీనియా జుక్కి పీటర్స్‌బర్గ్‌లో పొట్టి పావడా కోసం పట్టుబట్టింది. ఇటలీ నాట్యకత్తెల వేగం పిక్కలు దాటిన బట్టలో కనపడేది కాదు. జోళ్ళూ మారాయి. తగ్లియోని వేసింది పలచని తోలు అడుగున్న సాటిన్ జోడు, ముని భాగం మీద దారంతో రఫూ చేసినది, అంతే. మరో ఇటలీ నాట్యకత్తె లెన్యాని 1890లలో 32 ఫువెత్తేలు, అంటే ఒంటికాలి మీద చుట్లు, తిరిగింది బట్ట పొరలు జిగురుతో అతికి గట్టిపరచిన ఇటలీ జోళ్ళతో. 1881లో లండన్ సవోయ్ థియేటర్‌కు కరెంటు వచ్చాక దీపం మంట గాజులోకి వెళ్ళింది. మరుసటి ఏడాది అక్కడే గంధర్వ కన్యల జుట్టులో చిన్న బల్బులు వెలిగాయి, బ్యాటరీ దుస్తుల్లో దాచి.

మీలో ఎవరైనా నూలు వలతోనే పావడా కుట్టబోతుంటే, ఈ మంటనిరోధక ద్రావణం రాసుకోండి. 2 లీటర్ల వేడినీళ్ళలో 200 గ్రాముల వెలిగారం, 85 గ్రాముల బోరిక్ పొడి. చేతికి తొడుగులు వేసుకోండి, పిల్లలకు దూరంగా ఉంచండి. ముంచి, పిండకుండా నీడలో పరిచి ఆరబెట్టండి. ఇది నూలుకే. నైలాన్ వలకు పనికిరాదు, అది కరిగి చర్మానికి అంటుకుంటుంది. దానికి కంపెనీ మంటనిరోధక ధ్రువీకరణ ఉన్న వలే కొనండి. నూలును కూడా అదే థానులోంచి ఒక పట్టీ కత్తిరించి ద్రావణం పట్టించి, ఆరాక ఆరుబయట పటకారుతో పట్టుకుని అగ్గిపుల్ల పెట్టి చూశాకే పావడా కుట్టండి. పుల్ల తీయగానే ఆరిపోవాలి. నీళ్ళు తగిలితే లవణం పోతుంది. పావడా తడిసిన ప్రతిసారీ మళ్ళీ ముంచి, ఆ తేదీ నడుము పట్టీ లోపల రాయండి.